రంగు మారేలోపు

“వాళ్ళొచ్చాక మటుకు నువ్వు ట్యాంకు వంక చూడకు,” అన్నారు మా ఆయన, తల దువ్వుకుంటూ. అప్పటికి నా కుడిచెయ్యి మోచెయ్యి దాటి అందులోనే, చేపల మధ్య ఉంది.

“చూడకుండా అద్దం ఎలా తుడవనండీ, తడుముకుంటూనా?”

“ఇప్పుడు కాదు, వాళ్ళొచ్చాక. నువ్వు చూస్తే చాలు, నీ మొహంలో కనిపించేస్తుంది.”

“ఏం కనిపిస్తుంది?”

“ఏదో ఒకటి. టీ ఇవ్వు, నాలుగు జోకులు వెయ్యి, లోపలికెళ్ళిపో. ట్యాంకు గురించి ఏమడిగినా నేను చెప్తాను. సరేనా? మాటివ్వు.”

ఇచ్చాను. తడిచేత్తో ఇచ్చిన మాట కాబట్టి నీటి మీద రాత అనుకోవచ్చు గానీ, మా ఇంట్లో నీటి మీద రాసేది నేను, చెరిపేది ఆయన. పోయినసారి ఆయన స్నేహితులొచ్చినప్పుడు “ఆ మొక్క పేరు అది కాదండీ” అని ఒక్క ముక్క అన్నాను. మొక్క గురించి ఒక్క ముక్క. ఆ తర్వాత మా ఇంట్లో గోడలు తప్ప ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆయన అలిగితే అరవరు. ఇంట్లో ఉన్న గాలంతా తన గదిలోకి లాక్కుని తలుపేసుకుంటారు. కడకు నేనే ఏదో చతురోక్తి విసిరి, నా తప్పుకి నేనే నవ్వి, ఆయన్ని కూడా నవ్వించి, ఊపిరి తిరిగి తెచ్చుకోవాలి. నన్ను ఇంట్లో ‘మైకు’ అంటారు లెండి. నా గొంతు అలాంటిది. మైకుకి మాత్రం స్విచ్చి ఎప్పుడూ వేరేవాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం వస్తున్నది అక్వేరియం మిత్రుల సంఘం. ఇంట్లో పెంచే మొక్కల ట్యాంకుల పోటీలో చివరి మెట్టు, ఇంటికొచ్చి చూడటం. పోటీకి ఉన్నది ఒకటే నియమం: పేరిచ్చిన మనిషే స్వహస్తాలతో ట్యాంకు పనంతా చేసుండాలి. మా ఆయన పేరిచ్చారు. హస్తాలు నేనిచ్చాను. పెళ్ళిలో ఈ చెయ్యి పట్టుకున్నది ఆయనే కాబట్టి ఆ తర్వాత ఇది చేసిన పనంతా స్వహస్తం కిందికే వస్తుందని ఆయన లెక్క. అబద్ధమాడుతున్నానని ఆయనకి నిజంగానే తెలీదు. ఆ సంగతే నన్ను ఎక్కువ భయపెట్టేది.

అసలీ ట్యాంకు వచ్చింది ఆయన రక్తపోటు కోసం. చేపల్ని చూస్తూ కూర్చోమన్నాడు డాక్టరు. చూస్తూ కూర్చోవడం ఆయనకి బాగా వచ్చిన విద్య. తెచ్చిన రోజే దీపం పూర్తిగా పెట్టేశారు, హాలంతా మెరిసిపోవాలని. కొన్నాళ్ళకి అద్దాల మీద ఆకుపచ్చ పొర, ఆకుల మీద నల్లగడ్డంలాంటి నాచు, నీళ్ళేమో రంగు కలిపేసినట్టు. మా అత్తగారు కుర్చీ ముందుకు లాక్కుని చూసి, “ఒరేయ్, ఇది ట్యాంకు కాదురా, తొట్టి,” అన్నారు. ఆయనకి ఆసక్తి ఆ రోజే పోయింది. తొట్టి మాత్రం పోలేదు. మా ఇంట్లో అందరూ వదిలేసినవన్నీ చివరికి ఎక్కడికి చేరతాయో అక్కడికే చేరింది. పాత టూత్‌బ్రష్షుతో నాచు గీకడం మొదలుపెట్టాను. నాచు పేరులోనే ‘నా’ ఉంది కాబట్టి అది నా వంతుకి వచ్చిందేమో.

గీకుతూ గీకుతూ నేర్చుకున్నాను. మొక్కల ట్యాంకులో మూడు కుదరాలి: వెలుగు, ఎరువు, గ్యాసు. గ్యాసంటే బొగ్గుపులుసు వాయువు. పేరులో బొగ్గూ పులుసూ రెండూ ఉన్నాయి గనక అది వంటింటి శాఖ కిందికొస్తుందని మా ఆయన తేల్చేశారు. ట్యాంకు కింద అలమరలో చిన్న సిలిండరు, దాని మెడ మీద ఒక సన్న మర. మరని వెంట్రుకవాసి తిప్పితే బుడగలు పెరుగుతాయి, వెంట్రుకవాసి తిప్పితే తగ్గుతాయి. వెలుగు మొక్కకి ఆకలి పుట్టిస్తుంది. ఎంత వెలుగు పెడితే అంత ఆకలి. ఆకలి పుట్టించాక ఎరువు పెట్టాలి, గ్యాసు ఇవ్వాలి. వెలుగు ఒక్కటే పెంచి మిగతావి మరిచిపోతే మొక్క నీరసపడిపోయి ఆ వెలుగంతా నాచు తినేస్తుంది. పోనీ అని గ్యాసు తెగ పెంచేస్తే మొక్కకి విందు, పక్కనున్న చేపకి ఊపిరాడదు. ఏదీ తన ఇష్టానికి తాను పెరగడానికి లేదు, పక్కదాని మొహం చూసి పెరగాలి. అలాంటి కాపురం నేను నీళ్ళలోనే చూశాను.

దీపం తగ్గించాను. ఎరువు చుక్కల్లో వేశాను. మరని రోజూ చెవి ఆనించి వింటూ సవరించాను. నాచు వెనక్కి తగ్గింది, ఎర్రాకు మొక్కలు ఎర్రబడ్డాయి, గులకరాళ్ళ మీద పచ్చిక పరుచుకుంది. నీలిగీత చిన్నచేపలు గుంపుగా తిరగడం మొదలుపెట్టాయి. గాజులాంటి ఎర్ర రొయ్యలు పిల్లల్ని పెట్టాయి. అప్పుడు మా ఆయనకి ఆసక్తి తిరిగొచ్చింది. వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. మొక్కల కోత నాది, కోతలు ఆయనవి. అద్దం తుడిచేది నేను, అర్థం చెప్పేది ఆయన. “ఎంత ఓపికండీ మీకు!” అని ఎవరైనా అంటే, “ఏముందండీ, ప్రేమగా చూసుకోవాలంతే,” అనేవారు. నేను ట్రేతో పక్కనే నిలబడి, “అవునండీ, ఈయన చూసుకుంటారు. చేసుకోవడం వేరే డిపార్టుమెంటు,” అనేదాన్ని. అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆయన కూడా. నిజం చెప్పి, దాన్ని జోకుగా అమ్మేయడం నా చేతిలో పని.

ఆఫీసులోనూ నా పని అదే. ప్రకటనల కంపెనీలో మాటలు రాస్తాను. పరుపుల కంపెనీకి నేను రాసిన వాక్యానికి అవతలివాళ్ళు చప్పట్లు కొడితే మా బాసు ఏమాత్రం తొణక్కుండా, “నిన్న నిద్రపట్టక రాసుకున్నానండీ,” అన్నాడు. పరుపు ప్రకటనకి నిద్రపట్టని రచయిత! గదిలో అందరికంటే ముందు నవ్వింది నేనే. ఇంటికొచ్చి చెప్పుకుంటే మా ఆయన, “పోనీలే, నీ వాక్యం నచ్చిందిగా,” అన్నారు. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. నా సొమ్ము ఎరువు తీసుకున్నవాళ్ళెవరికీ బరువైనట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం అద్దం తుడిచి, చెయ్యి కడుక్కుని, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, కప్పులు సర్ది హాల్లోకి వచ్చేసరికి కళ్ళు చిట్లించాల్సి వచ్చింది. దీపం పూర్తిగా పెట్టేసి ఉంది. ఆకుల మీద, పచ్చిక మీద, వెండిపూసల్లాంటి బుడగలు. ఒక్కొక్కటీ విడివడి పైకి తేలుతున్నాయి. ఒప్పుకోవాలి, చాలా అందంగా ఉంది.

“అమ్మాయ్, తొట్టి ఇవాళ తెగ మెరుస్తోందే,” అన్నారు అత్తగారు కుర్చీలోంచి. “మీ ఆయన అలమర తలుపు తీసి ఏదో కెలికాడు. వంగలేక వంగి, పాపం!”

చెవి ఆనించాల్సిన పని లేకపోయింది. ఎప్పుడూ చుక్క చుక్కగా వినిపించే బుడగ ఏకధాటిగా బుసకొడుతోంది. నేను అలమర వైపు వెళ్ళేలోపే ఆయన కుర్చీ తెచ్చి సరిగ్గా ఆ తలుపుకి ఆనించి వేసుకుని కూర్చున్నారు.

“ఏమండీ, మర తిప్పారా?”

“ముత్యాలు చూశావా? సంఘం అధ్యక్షుల వారి ట్యాంకులో ఇలాగే ఉంటాయి. వాళ్ళెళ్ళాక తగ్గిద్దాం.”

“అంతసేపు చేపలు ఆగవండీ. ఊపిరాడదు. లేవండి.”

“ఇదిగో చూడు,” అని లోపల అద్దానికి అంటించిన గాజుబుడ్డి చూపించారు. “పచ్చగా ఉంది. పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టని నువ్వేగా చెప్పావు?”

నేనే చెప్పాను. నీలం అయితే గ్యాసు చాలనట్టు, పచ్చ అయితే సరిపోయినట్టు, పసుపు అయితే ముంచుకొచ్చినట్టు. రెండో సగం కూడా చెప్పాను, కానీ అప్పటికే ఆయన వినడం ఆపేశారు. ఆ బుడ్డిలోని రంగునీళ్ళకి ట్యాంకులో సంగతి నెమ్మదిగా తెలుస్తుంది. గంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. అది ఇప్పుడు పచ్చగా ఉందంటే ఇందాక బాగున్నట్టు. ఇప్పటి సంగతి అది పసుపయ్యాక తెలుస్తుంది. అప్పటికి తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే.

“అది ఆలస్యంగా చెప్తుందండీ. ఆ రంగు ఇందాకటిది.”

“నీకు ప్రతిదానికీ ఓ రెండో అర్థం కావాలి!” అన్నారాయన. “మాటిచ్చావు.”

బెల్లు మోగింది.

అధ్యక్షుల వారు తెల్లజుట్టు మనిషి. మెళ్ళో భూతద్దం వేలాడుతోంది. వెనకాల కెమెరాతో ఒకావిడ. నమస్కారాలయ్యాయి. మా ఆయన కుర్చీ కదల్లేదు. అతిథుల్ని చెరో పక్కా కూర్చోబెట్టుకుని, తాను మధ్యలో, అలమరకి తాళంలాగా.

“వెలుగంటే పొయ్యి మంటలాంటిదండీ,” అని మొదలుపెట్టారు. “మంట పెంచాక గిన్నెలో ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే గిన్నె మాడుతుంది. ఎరువూ గ్యాసూ చాలకుండా వెలుగు పెంచితే అంతే.”

నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ నేను చెప్పిన పోలిక. గరిటె తిప్పుతూ చెప్పాను. ఆయన గరిటె కూడా తిప్పారు, గాలిలో.

“అబ్బ, ఎంత తేలిగ్గా చెప్పారండీ! వంట కూడా మీరే చేస్తారా ఏంటి?” అన్నారు అధ్యక్షుల వారు.

“అబ్బే, అది ఆవిడ హాబీ,” అన్నారు మా ఆయన.

నవ్వులు. నేను టీ అందిస్తున్నాను. ట్యాంకు వంక చూడనని మాటిచ్చాను కాబట్టి అత్తగారి కళ్ళద్దాల్లో చూశాను. ఆ రెండు చిన్న అద్దాల్లో నీలిగీతలు మధ్యలో లేవు. పైకి, ఇంకా పైకి జరుగుతున్నాయి. మాట తప్పి తల తిప్పాను. గుంపు చెదిరిపోయింది. ఒక్కొక్కటే నీటి అంచుకి మూతి ఆనించి తెరుస్తోంది, మూస్తోంది. రొయ్యలు పచ్చిక వదిలేసి గొట్టం పట్టుకుని పైకి పాకుతున్నాయి. బుడ్డి పచ్చగానే ఉంది, నున్నగా, నిబ్బరంగా.

నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూసి, ‘వద్దు’ అన్నట్టు గడ్డం ఇటు నుంచి అటు కదిపారు.

“ఇవేంటండీ, అన్నీ పైకొచ్చేశాయి?” అన్నారు కెమెరా ఆవిడ.

మా ఆయన నోరు తెరిచి మూశారు. చేపలకీ ఆయనకీ ఆ క్షణంలో పెద్ద తేడా లేదు. దీనికి నిన్న రాత్రి మేం జవాబు తయారుచేసుకోలేదు. ఆయన చూపు నా మీదికి వచ్చింది, నాటకంలో మాట మరిచినవాడు తెర పక్కకి చూసినట్టు. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

“కెమెరా అనగానే ముందు వరసలోకి రావడం మా ఇంటి గాలిలోనే ఉందండీ!”

హాలు గొల్లుమంది. అధ్యక్షుల వారు తొడ మీద చరుచుకున్నారు. మా ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. అత్తగారు, “ఇది మైకండీ, దీని నోటికి అడ్డులేదు,” అని గర్వంగా పరిచయం చేశారు.  నేను ఖాళీ కప్పులు ట్రేలోకి ఏరుకున్నాను.

నేనే మూతి మూయించాను ఆ చేపలకి. ఆయన మర తిప్పారు, నేను దాని మీద మూత పెట్టాను. మర తిప్పిన చెయ్యి కంటే నా నోరే ఎక్కువ పని చేసింది. ఎప్పట్నుంచి ఇలా? అత్తగారు బంధువుల ముందు, “దీనికి నడుంనొప్పే లేదు, రాయి,” అంటే “రాయి కాబట్టే రాస్తాను,” అన్నాను. నవ్వారు. ఆ రోజు నడుం నిలబడనివ్వలేదు. మా బాసు పరుపు మాటకి నవ్వాను, నెలంతా నిద్రపోలేదు. లోపల ఏమవుతున్నా పైన పచ్చరంగు. చూసినవాళ్ళు చూసి, “బాగానే ఉందిగా,” అనుకుని కుర్చీ వెనక్కి వాల్చేవారు. వాళ్ళని అని ఏం లాభం? నా రంగు ఎప్పుడూ ఇందాకటిదే. నేను నవ్వుతున్న ప్రతిసారీ అసలు నేను ఎక్కడో నీటి అంచు దగ్గర మూతి తెరుచుకుని ఉన్నాను. ఆ సంగతి నాకు కూడా గంటల తర్వాత, కొన్నిసార్లు ఏళ్ళ తర్వాత తెలిసేది. సరే, నాకు ఓపిక ఉంది. రొయ్యకి ఏళ్ళు లేవు.

“ఈ బుడగలు చూడండి, ఏం అందం!” అంటూ కెమెరా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ లెన్సు ముందే, గొట్టం మీద ఉన్న పెద్ద రొయ్య, పొట్ట నిండా గుడ్లున్నది, పట్టు వదిలేసింది. ఆకు రాలినట్టు పక్కకి ఒరిగి, వెల్లకిలా పచ్చిక మీద వాలింది. కాళ్ళు ఆడుతున్నాయి.

నేను ట్రే అత్తగారి ఒళ్ళో పెట్టాను.

“లేవండి,” అన్నాను మా ఆయనతో.

“ఏంటోయ్?” అన్నారు నవ్వుతూనే. నవ్వు కింద పళ్ళు బిగిసి ఉన్నాయి.

“కుర్చీ జరపండి.”

“మా ఆవిడకి సరదా ఎక్కువండీ. టీ అయ్యాక ఏదో ఒక వినోదం ఉంటుంది.”

ఆయన కదల్లేదు. కుర్చీ కాళ్ళు పట్టుకుని లాగాను. ఆయన బరువుతో సహా కిర్రుమని ఓ జానెడు జరిగింది. తలుపు సందులోంచి చెయ్యి దూర్చి మర కట్టేశాను. బుస ఆగిపోయింది. తర్వాత నా కుర్తా చేతులు మడవకుండానే రెండు చేతులూ ట్యాంకులో పెట్టి, ఫిల్టరు నీళ్ళు విడిచే గొట్టాన్ని పైకి లాగి, గాలి కలిసేలా నీటి అంచు మీదికి తెచ్చాను. ధార దభదభమంటూ పడింది. అద్దంలాంటి నీళ్ళు ముక్కలయ్యాయి, ముత్యాలన్నీ చెదిరిపోయాయి, తుంపర్లు అధ్యక్షుల వారి భూతద్దం మీద పడ్డాయి. కెమెరా ఆవిడ కెమెరాని గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. నా మోచేతుల నుంచి నీళ్ళు ఆయన ఇస్త్రీ చొక్కా మీద కారుతున్నాయి.

 అందరూ నా నోటి వంకే చూస్తున్నారు, ఎప్పుడు పేలుతుందా అని. అత్తగారి పెదాలు ముందే నవ్వుకి సిద్ధంగా విచ్చుకున్నాయి. నాలుక చివర ఒకటి కాదు, మూడున్నాయి. మూడూ మంచివే. మింగేశాను.

“గ్యాసు ఎక్కువైంది,” అన్నాను. “ఇంకాసేపు ఊరుకుంటే అన్నీ చచ్చిపోయేవి.”

అంత చిన్న గొంతు నాకుందని నాకే తెలీదు.

అధ్యక్షుల వారు భూతద్దం తుడుచుకుని, వంగి, పైకి తేలిన మూతుల్ని ఒక్కొక్కటిగా చూశారు. ఆయన మొహంలో సరదా అంతా దిగిపోయింది. “అవును,” అన్నారు. “నేను గమనించనే లేదు. మీ జోకుకి నవ్వాను కూడా.” తర్వాత మా ఆయన వైపు తిరిగారు. “ఇంత గ్యాసు ఎలా వెళ్ళిందండీ? మర ఎవరు తిప్పారు?”

మా ఆయన వాళ్ళమ్మ వంక చూశారు. అత్తగారు ట్రేలో కప్పులు సర్దుకోవడం మొదలుపెట్టారు. తలుపు తీసి కెలకడం చూసింది ఆవిడొక్కరే. కప్పు మీద కప్పు పెట్టారు, మళ్ళీ తీశారు.

“ఇంకెవరు, ఆవిడే అయ్యుంటుంది,” అన్నారు మా ఆయన. గొంతు చాలా మృదువుగా ఉంది, అర్థం చేసుకునే భర్త గొంతు. “పొద్దున్నుంచీ ఇక్కడే తుడుస్తోంది. తెలీక తిప్పేసుంటుంది. పోనీలెండి, ఆవిణ్ణేం అనకండి.”

వింతేమిటంటే, ఆయన కళ్ళలో భయం లేదు. నేను ఒప్పుకుంటానన్న ధీమా ఉంది. ఒప్పుకోవడమే కాదు, ఒప్పుకుంటూ ఓ చమక్కు కూడా వదులుతాననీ, అందరం నవ్వుకుని రెండో విడత టీ తాగుతామనీ. పాపం, ఆయన తప్పు కూడా కాదు. అలా నేర్పింది నేనే.

ధార కింద ఒక నీలిగీత మూతి దించుకుని కాస్త లోపలికి ఈదింది. దాని వెనక ఇంకొకటి. పెద్ద రొయ్య ఇంకా వెల్లకిలానే ఉంది. రెండు కాళ్ళు కదులుతున్నాయి. చేత్తో నెమ్మదిగా తిప్పి ధార దగ్గరికి జరిపాను.

“అవునండీ,” అన్నాను అధ్యక్షుల వారితో, చేతులు నీళ్ళలోంచి తియ్యకుండానే. “ఆ సిలిండరు ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ మర తిప్పుతున్నది నేనే. దీపం, ఎరువు, కోత, అన్నీ నేనే. ఇవాళ ఒక్కరోజే ఆయన తిప్పారు.”

ఎక్కడా నవ్వు లేదు. కెమెరా ఆవిడ నా వంక చూసి, ఎందుకో చటుక్కున తల దించుకుంది. అధ్యక్షుల వారు మా ఆయన వంక చూడలేక ట్యాంకు వంక చూశారు.

“చాల్లే,” అన్నారు మా ఆయన, పెదవులు కదలకుండా.

“చాలదండీ,” అన్నాను. “సగం నీళ్ళు మార్చాలి, ఇప్పుడే. లేచి ఆ బకెట్ పట్టుకోండి.”